ఎనిమిది తలుపుల తలంటు

మా వంటింటి అలమర తలుపులకు పట్టిన జిడ్డును తక్కువ అంచనా వెయ్యకూడదు. గీకితే పైపొరలో మొన్నటి వంకాయ వేపుడు, దాని కింద నిరుటి పునుగులు, ఇంకా లోతుకు పోతే మా గృహప్రవేశం నాటి బూరెలు బయటపడేవి. పురావస్తు శాఖవారు చూసి ఉంటే మమ్మల్ని ఖాళీ చేయించి ఇంటి చుట్టూ కంచె వేసేవారు.

ఆ ఎనిమిది తలుపులూ మా ఆవిడవి. బొబ్బిలిలో మా వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన డబ్బుతో చేయించుకుంది. ఇంట్లో ఇవి నావి అని ఆవిడ వేలు పెట్టి చూపించగలిగినవి అవే. రంగు వెలిసిపోయింది, లేతాకుపచ్చ వేయిద్దామని రెండేళ్లుగా అడుగుతోంది.

పెయింటరొచ్చి చూశాడు. "జిడ్డు మీద రంగు నిలవదు బావూ. రేపు నానొచ్చీసరికి జిడ్డు వదిలించి ఉంచండి. ఉప్పుకాగితం పట్టి నున్నగా రుద్దడం, గుంటలు పూడ్చి లప్పం పెట్టడం నాను సూసుకుంతాను."

"సబ్బునీల్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడిస్తే సాలండి," అంది మా ఆవిడ.

గుడ్డా! నా చిన్నప్పుడు పండగొస్తే మా అమ్మ తలుపులన్నీ ఊడదీయించి, నూతి పక్కన పడుకోబెట్టి, బూడిదతో, కొబ్బరిపీచుతో తోమి, బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించేది. తలుపులకు తలంటు అనేవాళ్లం. అంతటి వంశంలో పుట్టి గుడ్డతో తుడవనా? ఆ మాటే పైకి అన్నాను.

"అవి టేకు తలుపులు. ఇవి రంపప్పొట్టు అదిమి సేసినవి. నీల్లు పడితే ఉబ్బిపోతాయి. నా మాటినండి," అంది మా ఆవిడ.

"నువ్వు జాకెట్టు కుడతంటే సూదెలా పట్టాలో నాను సెప్పేనేటే?"

ఆవిడ చెప్పులు వేసుకుంది. సాలూరులో పేరంటముంటే బస్సెక్కి వెళ్లింది.

ఆ బస్సు ఊరు దాటకముందే ఎనిమిది తలుపులూ విప్పి పెరట్లో పరిచాను. బూడిద కోసం ఊళ్లో కట్టెల పొయ్యి మీద వండే ఆఖరి టిఫిను కొట్టు దాకా నడిచాను. మోటారు వేసి, గొట్టం పట్టుకుని, నాగావళికి వరదొచ్చినట్టు వదిలాను. నానితే మురికి సులువుగా వదులుతుందని గంటసేపు అలాగే వదిలేశాను. జిడ్డు పోయింది. తళతళలాడుతున్న తలుపుల్ని ఎండలో ఆరేసి, మీసం దువ్వుకుని, కునుకు తీశాను.

లేచేసరికి తలుపుల మీద పూరీలు పొంగుతున్నాయి. అంచులు పాత పుస్తకాల్లా విచ్చుకున్నాయి.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ ఒక తలుపు దగ్గర కూర్చుని, విచ్చుకున్న అంచును బొటనవేలితో నొక్కుతూ పోయింది, కుట్టు వేసే ముందు గుడ్డ మడతను నొక్కినట్టు. వేలు తీసిన చోటల్లా మళ్లీ విచ్చుకుంది. లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది.

మర్నాడు పెయింటరొచ్చి అంచు గిల్లాడు. తడి అటుకుల్లా చేతిలోకి రాలింది.

"జిడ్డు పోనాది బావూ," అన్నాడు. "తలుపూ పోనాది."

వారం తిరక్కుండా పాతపట్నం నుంచి మా చెల్లెలు దిగింది. వంటింట్లోకి వెళ్లీ వెళ్లగానే అలమరకు కట్టిన పాత చీర పట్టుకుని, "ఏటొదినా ఇది? తలుపులేవి?" అంది.

మా చెల్లికి తెలిస్తే పాతపట్నం దాటి ఒడిశాలో కూడా తెలిసిపోతుంది.

"వానకి తడిసిపోనాయి వదినా," అంది మా ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ.

"రోళ్లు పగిలే ఎండల్లో వానేటొదినా?"

"మా ఇంట్లో ఎప్పుడొస్తాదో సెప్పలేం."

మా చెల్లి పడీపడీ నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు. నలుగురిలో నా పరువు పోకూడదని ఆడిన అబద్ధమది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తిట్లను పదింతలు చేసి, రంగులద్ది, ఊరంతా చెప్పుకుని నవ్వించి, తప్పులోంచి బయటపడి ఉండేవాణ్ణి. ఇన్నేళ్లూ అలాగే బయటపడ్డానని ఆవిడకు తెలుసు.