పాత టీవీలో అత్తమ్మ

ఈ వ్యవహారంలో తెలివితక్కువవాణ్ణి నేనే. హైటెక్ సిటీలో ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం తప్పుల్లో పడతాను. పాత టీవీకి కొత్త స్ట్రీమింగ్ బాక్సు తగిలించి, పరీక్షకని మా పెళ్లి వీడియో వేశాను. నెత్తిమీద జీలకర్ర గింజలు కూడా కనిపించాయి. "ఫికర్ చెయ్యకండి అత్తమ్మా," అన్నాను.

అత్తమ్మది గోపన్‌పల్లి. అక్కడికొచ్చిన షూటింగ్‌వాళ్లు ఒక వెబ్ సిరీస్ కోసం ఆమె చేత జొన్నరొట్టె కొట్టించి, దారితప్పిన హీరోని చూసి "తిని పో బిడ్డా" అనిపించారు. ఊళ్లో స్నేహితురాళ్లు నమ్మలేదు.

"కండ్లతోని చూస్తెనే నమ్ముతం."

అందుకే వాళ్లందర్నీ నల్లగండ్లలోని మా ఫ్లాట్‌కి పిలిచింది. షూటింగ్‌లో కట్టిన చీరే కట్టుకుని టీవీ పక్కన కూర్చుంది, పోల్చుకోవడానికి వీలుగా.

సిరీస్ పెట్టగానే తెర నల్లబడింది. మాటలున్నాయి, మనుషుల్లేరు. వైరు పీకాను, పెట్టాను. బాక్సు ఆపాను, వేశాను. వెనక సోఫా కిర్రుమంది, ఎవరో లేస్తున్నారు.

"ఇంజనీరువి గదా బిడ్డా?" అందొకావిడ, జాలిగా.

చెమటలు పడుతుండగా ఫోన్‌లో వెతికితే తెలిసింది. ఇలాంటి సిరీస్‌లను ఎవరూ కాపీ చేసుకోకుండా, బాక్సు ముందుగా టీవీని ఒక రహస్య సంకేతం అడుగుతుందట. ఆ పద్ధతి రాకముందు పుట్టిన మా టీవీకి జవాబు తెలియదు. బాక్సు లెక్కలో తెలియనివాడు దొంగ! నేను పరీక్షకి వేసిన పెళ్లి వీడియో ఏమో ఎవరూ దొంగిలించని సరుకు.

బొమ్మ నాణ్యత అట్టడుక్కి దించితే బాక్సు కనికరించింది, సరిగ్గా అత్తమ్మ వంతుకి. తెరమీద పిండిముద్దలాంటిదేదో కదిలింది.

"ఏడున్నవే? రొట్టె కనవడ్తలేదు, నువ్వూ కనవడ్తలేవు."

"ఫోన్‌లో చూపిస్తానండి..."

"గంత చిన్నదాంట్ల మాకేం కనవడ్తది? ఇగ పోదాం పాండ్రి."

అత్తమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుని చూసి, మళ్లీ తుడిచింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆదివారం మా వంటింట్లో అదే చీర, అదే రొట్టె, అదే మాట. ఫోన్‌తో మా ఆవిడ తీసింది. హీరోగా నా వీపు నటించింది. స్నేహితురాళ్లను బతిమాలి మళ్లీ పిలిచి, అదే బాక్సులో, అదే టీవీలో వేశాను. బాక్సు ఏమీ అడగలేదు. అత్తమ్మ గాజులకంటిన పిండి కూడా మెరిసింది.

"హీరో వీపు మీ అల్లుని లెక్కున్నదే?"

"డూపును వెట్టిన్రు," అంది అత్తమ్మ, తొణక్కుండా.

చివర్లో పెద్ద అక్షరాలతో నేను వేసిన మాట తెరమీదికొచ్చింది: "దీన్ని ఎవరైనా, ఎన్నిసార్లైనా కాపీ కొట్టుకోవచ్చు."