పదకొండు గంటల బిళ్ళ

పోయిన వారం టెక్కలిలో డాక్టరు గారు నా మోకాళ్ళను అటూ ఇటూ వంచి చూసి, నొప్పికి బిళ్ళలు రాయబోయి కలం ఆపారు. "ముందు రక్తపరీక్ష చేయించుకోండమ్మా. కిడ్నీల సంగతి చూడకుండా ఈ మందు రాయను" అన్నారు. ముందు జీడి ఫ్యాక్టరీలో, తర్వాత అంగన్‌వాడీలో పాతికేళ్ళుగా చాపల మీద కూర్చుని లేచిన మోకాళ్ళు, నాకంటే ముందే రిటైరవుదామని తొందరపడుతున్నాయి. ఒక్క బిళ్ళ వేస్తే పోయే నొప్పికి ఈ పరీక్షలేమిటని పక్కన కూర్చున్న పెద్దాయన విసుక్కున్నాడు. నాకు విసుగు రాలేదు. ఆ చీటీ పట్టుకుని ల్యాబు ముందు కూర్చున్నంతసేపూ మా అత్తే గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో పెళ్ళై పలాస వచ్చాను. ఇంటర్ రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయిన చదువు నాది. మా ఆయన చెన్నైలో కట్టడం పనికి వెళ్ళి, రెండు నెలలకోసారి రైలు దిగేవాడు. ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. మామగారు నేను రాకముందే పోయారు. అత్త అప్పటికే జీడిపప్పు ఫ్యాక్టరీలో పాతికేళ్ళుగా పనిచేస్తోంది. పెళ్ళైన నెలకే నన్నూ తీసుకెళ్ళి పప్పు మీది పొర తీసే పీలింగు గదిలో కూర్చోబెట్టింది. నా చేతి వంట ఆవిడకు ఏనాడూ రుచించలేదు. చారులో పులుపు లేదనేది, మర్నాడు కాస్త పడితే పళ్ళు జివ్వుమన్నాయనేది. పొయ్యి మీది గిన్నె ఎలా దించుతున్నానో కూడా ఓరకంట చూసేది. పోట్లాడదామంటే నాకు అంత నోరు లేదు, ఊరుకుందామంటే అంత ఓపికా లేదు. మధ్యలో గిన్నెలు చప్పుడయ్యేవి.

జీడి పని చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. కాల్చిన పిక్కను రాయి మీద నిలబెట్టి, చిన్న సుత్తితో కొట్టి, పప్పు విరగకుండా తీయాలి. ఇదంతా కొట్టుడు షెడ్డులో, నేల మీద కూర్చుని చేసే పని. ఆ తొక్కలోంచి నల్లటి నూనె వస్తుంది. దాన్నే జీడి అంటారు. తగిలిన చోటల్లా పొక్కి తోలు ఊడిపోతుంది. అందుకని ఆడవాళ్ళు చేతులకు ఆముదం రాసుకుని, బూడిద పులుముకుని కూర్చునేవారు. ఆ తర్వాత ముక్కు దురద పెట్టినా భుజంతో రుద్దుకోవాల్సిందే. నీళ్ళు తాగితే దొడ్డికి వెళ్ళాలి, వెళితే ఆ చేతులతోనే చీర ఎత్తుకోవాలి. జీడి తగలరాని చోట తగిలితే ఎలా ఉంటుందో ఒకసారి అనుభవమైన మనిషి మళ్ళీ ఆ పని చేయదు. పోనీ కడుక్కుందామంటే మళ్ళీ ఆముదం, మళ్ళీ బూడిద, పని వెనకబడిపోతుంది. దాంతో పొద్దున్న ఏడింటికి కూర్చున్నవాళ్ళు, పిక్కలు కాల్చే నిప్పుల వేడి పక్క గదిలోంచి కొడుతున్నా సరే, మధ్యాహ్నం దాకా చుక్క నీరు ముట్టేవారు కాదు. నడుం నొప్పి లేని మనిషి ఆ షెడ్డులో లేదు. పదకొండింటికి టీ వచ్చేది. మా పీలింగు వాళ్ళకు జీడి అంటదు, చేతులు శుభ్రంగా ఉంటాయి. అందుకని మేం వెళ్ళి ఎవరి మనుషుల నోట్లో వాళ్ళం ఒక నొప్పుల బిళ్ళ వేసి, మింగడానికి రెండు గుక్కలు టీ పోసేవాళ్ళం. టీ కొట్టులో బిస్కట్ల సీసా పక్కనే బిళ్ళల సీసా ఉండేది. నా చేతి చారుకు వంక పెట్టే మా అత్త ఆ వేళకు మాత్రం తల ఎత్తి నోరు తెరిచి కూర్చునేది. "బేగి యెయ్యే, నడుం ఇరిగిపోతంది" అనేది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు గర్వంగా ఉండేది. రోజు మొత్తంలో ఆవిడకు నాతో పని పడేది అప్పుడొక్కసారే.

ఒక బిళ్ళ రెండయింది. నాలుగైదేళ్ళలో మూడయింది. కడుపులో మంటంటూ అన్నం తినడం తగ్గించింది. ఒక ఆదివారం కాళ్ళకు నూనె రాస్తుంటే, మడమ పైన నా బొటనవేలు దిగిన చోట గుంట పడి, కలిపిన పిండిలో పడినట్టు అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ పూడలేదు. కంచిలి దగ్గర ఊళ్ళో ఆవిడ తమ్ముడు కిడ్నీలు పోయి చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆయనకూ ముందు కాళ్ళే వాచాయి. ఆవిడకూ అదే గుర్తొచ్చి ఉంటుంది, కాళ్ళు గబుక్కున చీరలోకి లాక్కుంది. "కూకునీ పని కదా, దిగుతాది, ఒగ్గీ" అని కొట్టిపారేసింది. మర్నాడు పదకొండింటికి ఏమీ జరగనట్టు మళ్ళీ నోరు తెరిచింది. నేనూ ఏమీ చూడనట్టు మళ్ళీ వేశాను. ఆ రోజు వేసినందుకు నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఏడే మా వీధి బడిలో డాక్టర్లు వచ్చి ఉచితంగా రక్తం పరీక్ష చేస్తారన్నారు. బతిమాలి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. "నానా? ఏ మందూ నేదు తల్లీ. ఆసుపత్రి గుమ్మం ఎక్కిన మనిషిని కాను" అంది అత్త. అందులో అబద్ధం లేదు. ఆవిడ దృష్టిలో మందంటే చీటీ మీద రాసి ఇచ్చేది. టీతో పాటు వచ్చేది టీ లెక్కే. డాక్టరమ్మ 'లేదు' అని రాసుకుంటోంది. వెనక వరసలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా ఉన్నారు. నోరు విప్పితే అత్త పరువు తీసినదాన్నవుతాను, విప్పకపోతే ఆ రాత అలాగే ఉండిపోతుంది. "రోజుకు మూడు నొప్పుల బిళ్ళలు వేసుకుంటుందండీ. నేనే నోట్లో వేస్తున్నాను" అనేశాను. డాక్టరమ్మ కలం ఆపి ముందు ఆవిడ కాళ్ళకేసి, తర్వాత నాకేసి చూసింది.

వారానికి ఫలితం వచ్చింది. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయట. "ఈ ఊళ్ళలో ఈ జబ్బు ఎందుకొస్తోందో మాకూ ఇంకా అంతు చిక్కలేదు. కానీ ఆ బిళ్ళలు ఆపకపోతే, నీళ్ళు తాగకపోతే మిగిలిన సగమూ నిలవదు" అంది డాక్టరమ్మ. దారి పొడుగునా అత్త నన్ను దులిపేసింది. "నలుగురిలో నన్ను దొంగని సేసీసినావు కదే! టీతో మింగేదాన్ని మందంటారేటి?" ఇంటికొచ్చాక మాట మానేసింది. పని మానమంటే మాత్రం అందుకోసం నోరు విప్పింది: "ఇంట్లో కూకుంటే నొప్పి మానేత్తాదేటి?"

నేను బిళ్ళ వేయడం మానేశాను. రెండు రోజులు పళ్ళు బిగబట్టింది. మూడోనాడు పదకొండింటికి నేను గ్లాసుతో నీళ్ళు పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది, సుత్తి కింద పెట్టేసి ఉంది. నన్ను చూసి నోరు తెరిచింది.

"బిళ్ళ ఏదే?"

"లేదత్తా. నీళ్ళు తాగు."

"నీళ్ళెవలడిగేరు? ఒక్కటెయ్యే. ఈ ఒక్కపాలికే."

అన్నేళ్ళలో ఆవిడ నన్ను బతిమాలడం అదే మొదలు. పక్కనున్నావిడ సుత్తి ఆపి, "ఒక్కటేత్తే ఏటవుతాదే? ముసల్దాయి నొప్పికి సచ్చిపోతంది" అంది. నా కొంగు ముడిలో ఒక బిళ్ళ ఉంది. పొద్దున్నే కొన్నాను. చెయ్యి ముడి దాకా వెళ్ళింది. వెళ్ళి, తిరిగొచ్చింది. గ్లాసు ఆవిడ పెదాలకు ఆనించాను. మూతి బిగించింది. నీళ్ళు గడ్డం మీంచి జాకెట్టు మీదికి కారిపోయాయి. "నన్ను సంపేత్తన్నావే" అంది. మళ్ళీ ముంచుకొచ్చి మళ్ళీ ఆనించాను. నాకు ఏడుపొస్తోంది, షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి. మూడో గ్లాసుకు తాగింది.

గంట తర్వాత కబురు పంపింది. వెళ్తే లేచి నిలబడి ఉంది, బూడిద చేతులు రెండూ ఒంటికి దూరంగా చాపుకుని. దొడ్డికి తీసుకెళ్ళి నేనే చీర ఎత్తి పట్టుకున్నాను. కోడలి చేత ఆ పని చేయించుకోవాల్సి వచ్చిందని గోడకేసి తిరిగి నన్నూ, నా పుట్టింటినీ, డాక్టరమ్మనీ కలిపి తిట్టింది. నేను వింటూ నిలబడ్డాను. అంతవరకూ ఆవిడ నీళ్ళెందుకు తాగలేదో నాకు తెలుసు, కానీ ఆ తెలియడం వేరు.

అలా రోజుకు రెండుసార్లు నీళ్ళు, రెండుసార్లు దొడ్డి. వేడి ఇసక మూట కట్టి నడుముకు కాపడం పెట్టేదాన్ని. ఒకసారి నా కన్నుగప్పి వేరేవాళ్ళ చేత బిళ్ళ వేయించుకుందని తెలిసి, టీ కొట్టు ముందు నేను చేసిన గొడవకు నాకు నోరు లేదన్నవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు. కాళ్ళ వాపు మెల్లగా దిగింది. కిడ్నీలు బాగుపడలేదు, కానీ ఉన్న సగం నిలిచింది. నొప్పి మాత్రం వీసమెత్తు తగ్గలేదు. కూర్చున్నప్పుడు "అమ్మా", లేచినప్పుడు "అమ్మా". ఇంట్లో గోడలకు కూడా అలవాటైపోయింది.

తొమ్మిదేళ్ళు బతికింది. చివరికి గుండె ఆగి పోయింది. పోయే ముందు నెలలో, నేను ఇసక మూట మారుస్తుంటే, "ఆ బిళ్ళ ఆపిన కాడినుంచి నొప్పి నేని రోజు ఒక్కటీ నేదే. నీకు తెల్దు" అంది. కోపంగా అనలేదు, మెచ్చుకుంటూనూ అనలేదు. ఉన్నమాట చెప్పింది. నాకు తెలియదన్నది నిజమే. నేను ఆవిడను బతికించానని అనుకుంటూ తిరిగాను, ఆ బతుకు ఎలా గడుస్తోందని ఒక్కనాడూ అడగలేదు. ఆవిడ తొమ్మిదేళ్ళు బతికిందని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. తొమ్మిదేళ్ళు భరించిందని చెప్పడానికి మాత్రం నాకు ఇంత కాలం పట్టింది.