సర్కిల్ ముందు ఆగిన కారు

నా భార్య పోయిన మంగళవారం కన్నుమూసింది. ఇంట్లోనే, నిద్రలో, గుండె ఆగి. ఇది ముందే చెబుతున్నాను. ఆమె కారు నడపడం చూసినవాళ్ళు "ఘాట్ రోడ్డులోనా?" అని అడుగుతున్నారు. కాదు. రోడ్డు ఆమెను ఏమీ చేయలేదు.

ఆమె డ్రైవింగ్ నేర్చుకున్నది అరకులోనే. మా ఘాట్‌లో ఒక మర్యాద ఉంది. ఎక్కే బండి కనిపిస్తే దిగే బండి ఆగి దారి ఇస్తుంది. ఆమెకు అది ఎంత అలవాటైపోయిందంటే, మొదటిసారి కొండ దిగి పట్నం మొదట్లోని సర్కిల్‌లో తిరుగుతూ, ఎడమ నుంచి లోపలికి రాబోతున్న లారీకి దారి ఇద్దామని మధ్యలోనే కారు ఆపేసింది. వెనక బస్సు జానెడు దూరంలో ఆగింది. దాని డ్రైవరు దిగి వచ్చాడు గాని తిట్టలేదు. "కొండమీదోళ్ళా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

సర్కిల్ దాటాక ఆమె టీ బడ్డీ దగ్గర కూర్చుని చాలాసేపు బళ్ళు తిరగడం చూసింది. "ఇక్కడ కుడినుంచి వచ్చేవాళ్ళ కోసం ఆగడం బయటేనండీ. లోపలికెళ్ళాక ఆగకూడదు," అంది. అప్పటినుంచి ఇంట్లో నేను దేనికైనా తొందరపడితే, "ముందు కుడిపక్క చూడండి మాస్టారూ," అనేది.

ఆ ఏడాది వానల్లో పక్కింటి పెద్దమ్మ కోడలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే కిందకు తీసుకెళ్ళమని ఇక్కడి ఆసుపత్రిలో చెప్పారు. అంబులెన్సు వేరే ఊరు వెళ్ళింది. నాకు డ్రైవింగ్ రాదు. ఆమె తాళాలు తీసుకుంది.

ఘాట్ దిగుతున్నంతసేపూ పెద్దమ్మ వెనక సీట్లో కోడలిని పట్టుకుని కూర్చుంది, నేను ముందు సీట్లో. సర్కిల్ ఇంకా కనబడకముందే ఆమె వేగం తగ్గించి, దాని మొదట్లో ఆగింది. కుడివైపు నుంచి లారీలు తెంపు లేకుండా వస్తున్నాయి. వెనక హారన్లు. కోడలిపిల్ల మూలుగు అరుపుగా మారింది.

"అందరూ ఎల్లిపోతన్నారు, నువ్వు నిలబడిపోనావేటమ్మా?" అంది పెద్దమ్మ.

"కడుపులో దాన్తో కలిపి అయిదుగురుం ఉన్నాం పెద్దమ్మా. సందు రానీ."

పోనిమ్మని నాకూ నోటిదాకా వచ్చింది. అంతలో మా పక్కనుంచి ఒక టెంపో దూరింది. లారీ దాన్ని రాసుకుంటూ పోయింది. టెంపో అద్దం పగిలి మా బానెట్ మీద పడింది. ఆమె కళ్ళు కుడివైపు నుంచి కదల్లేదు.

సందు వచ్చింది. లోపలికి వెళ్ళాక ఎక్కడా ఆగలేదు. ఎడమ నుంచి ఆటో ముక్కు పెడితే హారన్ కొట్టి ముందుకే పోనిచ్చింది. ఆసుపత్రి రోడ్డు రాబోతుండగా ఎడమ ఇండికేటరు వేసి బయటపడింది.

ఆసుపత్రివాళ్ళు కోడలిపిల్లను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. నేనూ వెంట వెళ్ళాను. చాలాసేపటికి పెద్దమ్మతో కలిసి బయటికొస్తే, ఆమె ఇంకా కారులోనే ఉంది.

"ఆడగుంట పుట్టిందమ్మా. ఇద్దరూ బాగున్నారు," అంది పెద్దమ్మ, కిటికీలోంచి ఆమె తల నిమురుతూ.

ఆమె తలూపింది. చేతులు మాత్రం స్టీరింగ్ వదల్లేదు. వదలమని చెప్పినా వేళ్ళు విచ్చుకోలేదు. నేనే ఒక్కొక్క వేలూ విప్పాను. అరచేతుల మీద స్టీరింగ్ కవరు కుట్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.