కింది పట్టీ మీద ఆపా ఫైళ్లు

ఆపా పోయిందని ఆమె కూతురు పొద్దున ఫోన్ చేసి చెప్పింది. షాద్‌నగర్ నుంచి నేను నారాయణపేట చేరేసరికే మట్టి ఇచ్చి వచ్చేశారు. ఇంకొంచెం ఆగలేకపోయారా అని గడపలోనే కోప్పడ్డాను. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు. ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఆపా అంటే అక్క అనే గానీ, ఆమె నాకు చుట్టం కాదు. నారాయణపేట చేనేత సంఘం ఆఫీసులో తెలుగు టైపిస్టు. అదే గదిలో నేను నూలు లెక్కలు చూసేదాన్ని. ఎనభైల్లో నేను చేరిన నాటికే భర్త పోయి, చంకలో పిల్లతో ఆ కుర్చీలో కుదురుకుని ఉంది. మాటలు నాతో, వేళ్లు మిషనుతో. సాసర్‌లో పోసుకున్న చాయ్ చల్లారేలోపు ఒక ఉత్తరం అయిపోయేది. కాగితం వైపు కూడా చూడవేం అని అడిగితే, “వేళ్లకు తోవ ఎరుకే. వాటి పని వాటిని చేసుకోనియ్యి” అనేది. మీలో ఎవరైనా ఆ రోజుల్లో మా సంఘం చీర కొని ఉంటే, దాని వెంట వచ్చిన కాగితం ఆపా కొట్టిందే. నాకూ ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చోబెట్టి టైపు నేర్పింది. తప్పు కొడితే నెత్తిన మొట్టేది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ మొట్టికాయలదే.

తొంభైల చివర ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. కార్యదర్శి సారు అందరినీ నిలబెట్టి చెప్పాడు: “ఉత్తరాలు, ఆర్డర్లు అన్ని ఇగ దీని మీదనే. చేతగానోళ్లు గోదాంల చీరలు చూడాలె.” గోదాములో పని అంటే చీరను వెలుతురుకు పట్టి, తెగిన పోగు ఎక్కడుందో, అంచు రంగు కలిసిందో లేదో చూడడం. కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు పాత మిషను మీద ఉన్న చోటనే ఉన్నాయి కాబట్టి ఆపాకు ఫికరేముందిలే అనుకున్నాను.

కొన్నాళ్లకు, అందరూ అన్నాలకు వెళ్లినప్పుడు నన్ను పిలిచింది.

“జర గా మౌసు బాణం ఏడున్నదో చూసి చెప్పు.”

బాణం తెర నడిమధ్యన ఉంది. “మజాక్ చేస్తున్నవా ఆపా?” అన్నాను.

“మజాక్ కాదు. పాలమూరుల డాక్టరుకు చూపించుకున్న. కంటెనక నరం ఎండిపోతాందట. అద్దాలు పెట్టినా ఫాయిదా లేదన్నడు. వెలుగు, నీడ తెలుస్తయి. సన్నటియి ఏం కనబడ్తలెవ్వు.” నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “గోదాంల ఏస్తే ఒక్క దినంల బయటపడ్త. ఇంటికి పంపుతరు. బిడ్డ చదువు సగంల ఉన్నది. ఎవ్వరికి చెప్పకు.”

ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదని తిట్టాను. తిట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తెర అడుగున ఒక పట్టీ ఉంటుంది. ఏదైనా ఫైలును లాగి దాని మీద వదిలితే, అసలు ఫైలు దాని చోటనే ఉండి, ఒక గుర్తు మాత్రం ఆ పట్టీ మీద నిలిచిపోతుంది. తర్వాత వెతుకులాట లేదు, దాన్ని ఒకసారి నొక్కితే చాలు. ఆర్డర్లు, నూలు, ఉత్తరాలు, ఆ వరుసలోనే మూడింటినీ ఎడమ మూలకు తెచ్చి పెట్టాను. మూడూ చిన్న కాగితం బొమ్మలే, ఒక్క తీరుగానే ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే కళ్లు కనబడే మేము కూడా బాణాన్ని వాటి మీద నిలిపి పేరు చదువుకునేవాళ్లం.

మిగతా ఉపాయం ఆపాది. బల్ల మీద ఒక నూలుపోగు అంటించి, దానికి ముడులు వేసింది. బాణం ఇక కదలదన్నంత దూరం మౌసును కింది ఎడమ మూలకు తోసేది. అప్పుడు బాణం మూలలో ఆగుతుంది. మౌసును ఎత్తి పోగు మొదట్లో పెట్టి, మొదటి ముడి దాకా జరిపి నొక్కితే ఆర్డర్లు. రెండో ముడికి నూలు. మూడో ముడికి ఉత్తరాలు. ఫైలు తెరుచుకున్నాక పనంతా మీటలతోనే. అట్లా నెలలు నడిచాయి. కార్యదర్శి సారు గదిలోకి వచ్చినప్పుడల్లా నాకు నూలు లెక్క తప్పేది, ఆమె మాత్రం చాయ్ తాగుతూ ఉండేది.

ఒకరోజు హైదరాబాద్ నుంచి చీరలు కొనే పెద్దమనిషి వచ్చాడు. కార్యదర్శి సారు ఆయన్ను వెంటబెట్టుకుని నేరుగా ఆపా వెనక నిలబడ్డాడు.

“ఆపా, ఆర్డర్ల ఫైలు తెరువున్రి. సారు చెప్పేటియి చివర్ల ఎక్కియ్యున్రి. బస్సుకు టైమైతాంది.”

ఆపా మౌసును మూలకు తోసింది, ఎత్తింది, మొదటి ముడికి జరిపి నొక్కింది. పాటలు వాయించే ప్రోగ్రామేదో తెర నిండా తెరుచుకుంది.

“గిదేంది?” అన్నాడు సారు.

ఆపా మీటలతో దాన్ని మూసి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. ఆమె మెడ మీద చెమట పట్టడం నా బల్ల దగ్గరికి కనబడుతోంది. పట్టీ వైపు చూద్దును కదా, మూడు ఉండాల్సిన చోట నాలుగున్నాయి. పొద్దున వచ్చిన మెకానిక్ పని. లేచి వెళ్లి నేను నొక్కితే, ఆమె ఎందుకు నొక్కలేదని అడుగుతారు. ఊరుకుంటే ఆమె పని అయిపోయినట్టే.

నూలు చిలపల కట్టలు సర్దుతూ, తల ఎత్తకుండా అన్నాను: “పొద్దుగాల మెకానిక్ కొత్తదొకటి ముందట పెట్టిపోయిండు సారు. మనయన్ని ఒక జాగ పక్కకు జరిగినయ్.”

ఆపా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెండో ముడికి జరిగింది. ఆర్డర్లు తెరుచుకున్నాయి. ఆ పెద్దమనిషి చెబుతుంటే చెబుతుండగానే కొట్టేసి, కాగితం తీసి చేతికిచ్చింది. ఆయన బస్సుకు వెళ్లిపోయాడు.

ఆయన్ను సాగనంపి కార్యదర్శి సారు తిరిగి వచ్చాడు. బల్ల మీది నూలుపోగును వేలితో తడిమాడు. “ఇదేంది ఆపా?”

“మౌసు జారకుంట సారు...” అని నేను అందుకున్నాను.

“నువ్వూకో బిడ్డా” అంది ఆపా. కుర్చీలోంచి లేచింది. “నాకు కండ్లు కనబడ్తలెవ్వు సారు. గీ ముడులు పట్టుకోని పని చేస్తున్న. గోదాం పని నాతోని కాదు. కుర్చీ తీసేస్తెగన ఇప్పుడే చెప్పున్రి. రోజు భయపడుకుంట కూసునుడు ఇగ నాతోని అయితలేదు.”

గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు. సారు వచ్చి ఆమె కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మౌసును మూలకు తోశాడు, ఎత్తాడు, ముడి వెతుక్కుని నొక్కాడు.

“ఆర్డర్లు వచ్చెనా?” అన్నాడు, కళ్లు తెరవకుండానే.

“నూలు వచ్చింది సారు” అన్నాను.

మళ్లీ నొక్కాడు. ఈసారి ఏదీ తెరుచుకోలేదు. కళ్లు తెరిచి, ఆ పోగును చూసి లేచాడు.

“నాతోని కాలే. కూసోన్రి ఆపా.”

ఆపా చెయ్యి ముందుకు చాచింది. అందరూ చూస్తుండగా, గాలిలో తడుముకుంటూ కుర్చీ చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంది. అట్లా వెతుక్కోవడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి. దొరికాక, నెమ్మదిగా కూర్చుంది.