గుమ్మడి పూలు తిన్న మేకలు

నా చిన్నప్పుడు మేము ఉన్నది అల్ ఐన్ అనే ఎడారి ఊరి బయట, ఒక అరబ్బు తోటలో. నాన్న అక్కడ నీటి పంపు నడిపేవారు. అమ్మ యజమాని ఇంట్లో వంట చేసేది; ఆయన్ని అక్కడ అందరూ కఫీల్ అనేవారు. మాది గోదావరి జిల్లా. తోటలో మేకల్ని చూసుకునే పెద్దాయనది కరీంనగర్ వైపు పల్లె. ఆయన్ని నేను తాతా అని పిలిచేదాన్ని.

ఆ ఏడు యజమాని గింజల కోసమే గుమ్మడి వేయించారు. కొన్ని గింజలు వేయించుకు తినడానికి, మిగతావి నూనె ఆడించడానికి. కండంతా మేకలకే. ఆ ఇసుక నేలలో గుమ్మడి కాస్తేనే వచ్చే ఏడు కూడా నాన్నకు అక్కడ పని ఉంటుంది. అందుకే అమ్మ రోజూ పాదులకు దండం పెట్టుకునేది.

నాకప్పుడు ఏడేళ్లు. కొన్ని పూల కింద గోలీలంత పచ్చటి పిందెలు కనిపించాయి. బొమ్మలకు కూర వండుదామని ఒక వరస మొత్తం పూలతో సహా తెంపి, పంపు గది వెనక్కి పట్టుకెళ్లాను. సాయంత్రం అది చూసి నాన్న నీరుగారిపోయారు. ఆ ముఖం చూడగానే నా నోట్లోంచి వచ్చేసింది, "మేకలు తినేశాయి నాన్నా" అని.

నాన్న తిన్నగా తాత దగ్గరికి వెళ్లి అరిచారు. "మేకల్ని కట్టేసి ఉంచలేవా బాబాయ్? ఇప్పుడు కఫీల్‌కి ఏం చెప్పమంటావు?"

తాత ఒక్కసారి నా వైపు చూశారు. "గలతీ అయింది. ఆ వరసకు కాయ పట్టిచ్చుడు నా జిమ్మ" అన్నారు, అంతే.

మర్నాడు పొద్దు పొడవకముందే మా గది ముందుకొచ్చి, "నీ చేతి ఏళ్లు సన్నగున్నయి బిడ్డా, జెర సాయం రా" అని పిలిచారు. అక్కడ తేనెటీగలు తక్కువ. మగపువ్వు రేకులు వలిచి, లోపలి పుప్పొడిని పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లగా రాయాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది. అదృష్టం కొద్దీ పాదులు మళ్లీ పూశాయి. రోజూ ఆయన రేకులు వలిచి ఇచ్చేవారు, నేను రాసేదాన్ని. మేకల ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో.

నాలుగో రోజు ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. "తాతా, పూలు నేనే తెంపాను."

"ఎరుకే బిడ్డా. మేకలు పూలు తెంపి పంపు గది ఎన్క కుప్ప వోస్తయా?"

"మరి నాన్నకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తవని."

ఆ పొద్దునే నాన్నకు చెప్పాను. కొడతారనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని మేకల పాక దగ్గరికి తీసుకెళ్లి, "తెలీక నోరు జారాను బాబాయ్, మనసులో పెట్టుకోకు" అన్నారు. తాత నవ్వి, "ఖలాస్, ఇడ్సిపెట్టు" అని ఇద్దరికీ చాయ్ పోశారు.

ఆ వరస ఆలస్యంగానైనా కాసింది. జిగట గింజల్ని అందరం కడిగి చాపల మీద ఆరబోశాం. నాన్న పని పోకుండా నిలిచింది. నూనె ఆడించాక యజమాని ఇంటి నుంచి మాకూ ఒక సీసా వచ్చింది. అమ్మ తాతను భోజనానికి పిలిచి, వేడి అన్నంలో కారప్పొడి, ఆ చిక్కటి నూనె వేసి పెట్టింది.

మరుసటి ఏడు ఆయన ఊరికి వెళ్లిపోయారు. మళ్లీ చూడలేదు. పిల్లల్ని పెంచాను, ఇప్పుడు మనవలున్నారు. వాళ్లు అబద్ధమాడారని తెలిసినా వెంటనే నిలదీయను. ఏదో పనిలో పక్కన కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తాను. ఒక్కోసారి రోజులు పడుతుంది. ఈ ఓపిక నాది కాదు. చెయ్యని తప్పుకు మాట పడి, నా కోసం నాలుగు రోజులు ఆగిన ఆ మనిషిది.