గోడకు పెట్టిన చుక్కలు

ఒకప్పుడు నాకు పనిచ్చిన డచ్చి ఆర్కిటెక్టు గురించి మంచిగా చెప్పేవాళ్లు మెల్‌బోర్న్‌లో చాలామంది ఉన్నారు. చెప్పనివ్వండి. నాకు గుర్తున్నది నేను రాస్తాను.

ఆయన పాతికేళ్ల వయసులో ఓడెక్కి ఈ దేశం వచ్చాడు. ఇక్కడ ఇళ్లు, రెండు చర్చిలు, ఒక లైబ్రరీ కట్టాడు. స్కేలు లేకుండా తిన్నని గీత గీయగలడు. అది ఒప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని లోకమంతా బెంబేలెత్తుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మావారికి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. వెంట వచ్చిన నాకు హైదరాబాదులో ఐదేళ్లు చదివిన ఆర్కిటెక్చరు డిగ్రీ ఉన్నా, దొరికింది ఆ డచ్చి ఆయన దగ్గర డ్రాఫ్టింగ్ పని. ఆయన చేత్తో గీసినవి నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

మొదటి రోజు పదింటికి కాఫీ. ఆయన రేకు డబ్బా మూత తీసి ఒక్కొక్కరి ముందూ పట్టాడు. తలా ఒక బిస్కెట్టు. పొద్దున ఏమీ తినకుండా రైలెక్కానేమో, రెండోదానికి చెయ్యి చాచాను. మూత పడింది. “ఒకటి చాలు” అన్నాడు, నవ్వుతూనే. అది వాళ్ల దేశపు అలవాటట, అవమానమేమీ కాదట. పక్క సీటు ఆవిడ తర్వాత చెప్పింది. కావచ్చు. చాచిన చెయ్యి అందరి ముందూ వెనక్కి తీసుకున్నది నేను. ఆ తర్వాత అక్కడున్న మూడేళ్లూ ఆ డబ్బాలోది ఒక్కటి కూడా ముట్టలేదు. ఆయన గమనించనే లేదు. అది ఇంకో బాధ.

అసలు సంగతి గోడది. ఊరి శివార్లలో, క్రాన్‌బర్న్‌లో ఒక తెలుగు డాక్టరు ఇల్లు కట్టించుకుంటున్నాడు. పడమటి వైపు, వీధి మీదికి, మా డచ్చి ఆయన హాలంతా అద్దమే పెట్టాడు. కర్టెన్లు వద్దన్నాడు. దాచుకునేదేమీ లేనివాళ్లకు కర్టెన్లెందుకట, వాళ్ల ఊళ్లో అందరూ అలాగే ఉంటారట. డాక్టరు భార్య నన్ను పక్కకు పిలిచి, సొంత ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోవడానికి కూడా లేదా అని అడిగింది.

ఆ వారాంతం గళ్ల కాయితం ముందేసుకుని అద్దానికి ముందు ఒక ఇటుక గోడ గీశాను. ఇటుకలు ఎలాగూ కింది వరస సందుల మీదే పడతాయి. మా అమ్మ వాకిట్లో సందుచుక్క పెట్టేదీ అలాగే. మధ్య వరసలో పదిహేను కన్నాలు, పైకీ కిందికీ వరసకొకటి తగ్గుతూ ఎనిమిది దాకా. వెలుతురు వస్తుంది, దారిన పోయేవాళ్ల చూపు రాదు.

సోమవారం చూపిస్తే, డాక్టరు దంపతుల ఎదుటే కాయితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. “డిజైన్ నా పని. మీరు గీయండి, చాలు.”

కాయితం వారం రోజులు ఆయన బల్ల మీదే ఉంది. తర్వాత నేనే తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి ఆయన చేత్తో గీసిన కొత్త డ్రాయింగ్ నా దగ్గరికి వచ్చింది. అదే గోడ. అవే పదిహేను కన్నాలు. ‘డిజైన్’ అన్న గడిలో ఆయన పేరు. పక్కన నా పేరూ వేయమని అడిగాను. ఇక్కడ ఎవరి ఆలోచనైనా ఆఫీసుదే అన్నాడు. ఆఫీసుకున్నది ఆయన పేరే.

గృహప్రవేశానికి భార్యతో కలిసి వచ్చాడు. గోడ ముందు నిలబడి, చిన్నప్పుడు తమ ఊరి పూలతోటల్లో చూసిన వరసలే ఇవని అతిథులకు చెబుతున్నాడు. ఇండియా నుంచి వచ్చిన డాక్టరుగారి తల్లి గోడ దగ్గరికి నడిచి, వేలితో కన్నాలు లెక్కపెట్టింది.

“పదిహేను చుక్కలు, ఎనిమిదయ్యేదాకా సందుచుక్క. గోడకి ముగ్గేసిందెవరర్రా?”

ఆడవాళ్లంతా ఒకేసారి తలతిప్పారు. ఒకసారి తెలిశాక అది ఇంకోలా కనపడదు.

“నేనే, ఆంటీ.”

“ఎక్కడా చుక్క తప్పలేదమ్మాయ్. మరి ఈ దొర ఇందాకట్నుంచీ ఏం చెబుతున్నాడు?”

“తనే వేశానని.”

“ఈయనా? ఏ వాకిట్లో?”

అందరూ నవ్వారు. మర్యాదకు ఆయనా నవ్వి, ఆవిడేమంటోందని నన్నడిగాడు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, ఆయన భార్యకు కూడా వినపడేలా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నాకు భోజనం చేయకుండానే కడుపు నిండింది.

సోమవారం డబ్బా మూత తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. రోజంతా అలాగే ఉంది. నేనడిగింది బిస్కెట్టు కాదు. గడిలో పేరు మారలేదు. ఆ ఏడాది చివర మానేసి, పరీక్షలు రాసి, ఆర్కిటెక్టుగా ఇక్కడి రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను.

కంప్యూటర్ ఉద్యోగాలకు దిగిన తెలుగువాళ్లు ఆ చుట్టుపక్కల స్థలాలు కొన్నప్పుడు, ముగ్గు గోడ వేసినావిడ ఎక్కడని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లలో ఒక్కరూ ఆయన దగ్గరికి వెళ్లలేదు. వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు మాత్రం జరిగిందంతా చెప్పాను, బిస్కెట్టుతో మొదలుపెట్టి.

చాలా ఏళ్లకు ఫోన్ చేశాడు. గొంతు ముసలిదైపోయింది. తన పనుల మీద పుస్తకం వేస్తున్నారట. ఆ గోడకు మొదట గీసిన గళ్ల కాయితం నా దగ్గరుంటే కాపీ కావాలన్నాడు. బొమ్మ కింద నా పేరు వేస్తారా అని అడిగాను. పుస్తకం చివర కృతజ్ఞతల్లో వేయిస్తానన్నాడు.

“మీరు గీసింది మీ దగ్గరుంది కదా,” అన్నాను. “ఒకటి చాలు.”

ఆయనకు గుర్తొచ్చిందో లేదో తెలియదు. కాయితం నా బీరువాలోనే ఉంది. కింద మూలన తేదీ, నా సంతకం.