పువ్వంత భోజనం

నెలంతా కడుపు మాడ్చుకొని తగ్గించిన బరువును ఒక్క పూటలో, అదీ దవాఖానకు ఎదురుగానే కూర్చొని, మళ్ళీ ఎక్కించుకున్న ఆడమనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, చెమటలు పట్టాయి.

అప్పటికి నాకు నలభై దాటాయి. బొడ్డు దగ్గర పేగు జారి నిమ్మకాయంత ఉబ్బు తేలింది. గడ్డిమోపు ఎత్తితే అది కోడిగుడ్డంత అయ్యేది. పాలమూరు దవాఖానలో డాక్టరు దాన్ని నొక్కి చూసి, "ఆపరేషన్ చేస్త. కానీ ఈ పొట్ట మీద కుట్లు నిలవయమ్మా. ఐదు కిలోలు తగ్గి రా" అన్నాడు.

"తగ్గకుంటే సారూ?"

"ఎప్పుడన్న పేగు మెలివడితే పాణం మీదికొస్తది. నేను వచ్చే నెల బదిలీ మీద పోతున్న. ఆ లోపట వస్తే నేనే చేస్త. లేకుంటే హైదరాబాద్ పోవాల్సిందే."

హైదరాబాద్‌లో నాకు గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు. ఆ భయంతోనే పూటకొక జొన్నరొట్టె, పల్చటి మజ్జిగ, అంతే. చుట్టాల పెండ్లికి పోయి మాంసం కూర వాసన చూసి లేచి వచ్చాను. మా ఊళ్ళో మనుషుల్ని తూచే మిషన్ ఏదీ? పల్లీలు కొనే శెట్టి కాంటా మీదే ఎక్కి నిలబడేదాన్ని. "పల్లీలైతే తాలు తీసి లెక్క చెప్పెటోన్ని అంజమ్మా. నీల తాలెంతో ఎట్ల తెలుస్తది" అనేవాడు ఆయన. చివరిసారి తూచినప్పుడు సరిగ్గా ఐదు కిలోలు తగ్గాను. గుప్పెడు పల్లీలు నోట్లో వేసుకున్నా ముల్లు ఒరిగిపోయేటట్టుంది.

మర్నాడే పాలమూరు బస్సెక్కాను. తోడు ఖాజాబీ వచ్చింది. మా ఊళ్ళో గాజులమ్మే మనిషి, నన్ను వదినె అని పిలుస్తుంది. దవాఖానలో మా వంతు వచ్చేసరికి చిట్టీలు బందు పెట్టి, మధ్యాహ్నం దాటినాక రమ్మన్నారు. పొద్దుటి నుంచి నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నీళ్ళకు మాత్రం బరువుండదా ఏంటి? గోడ పట్టుకొని నిలబడితే గోడే తిరుగుతోంది.

"పడిపోతవ్ వదినె. జర ఏమన్న తిను" అంది ఖాజాబీ.

"తింటే కాంటా మీద తెలుస్తది."

"తేలికది చూస్కొని తిందాం పా. పడిపోతే ఆపరేషన్ ఎవలకు చేస్తరు, నాకా?"

ఎదురుగానే హోటల్. ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. ఆ ముందటేడే ఊళ్ళో పెద్దవాళ్ళ బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు బోర్డులు, గోడల మీది ఎరువుల ప్రకటనలు, బీడీకట్టల మీది పేర్లు, ఏదీ వదలకుండా పైకి చదివేదాన్ని. నా పక్కన బస్సులో కూర్చోవడానికి మా ఊరివాళ్ళు జంకేవారు. హోటల్ బోర్డు కూడా అట్లాగే చదివాను. "ప్లేట్ మీల్స్. ఫుల్ మీల్స్."

నాకు అక్షరం వచ్చు, అర్థం రాదు. ఖాజాబీకి అక్షరం రాదు, ఉర్దూ వచ్చు. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి అవుతామని మా నమ్మకం.

"మీల్సంటే బువ్వ. గది నాకెరికే" అంది.

"మరి ప్లేటంటే?"

"తలె. తలె నిండ కుప్పవోస్తడన్నట్టు."

"ఫుల్ అంటే?"

"ఫూల్ అంటే పువ్వు కాదా వదినె. పువ్వంత పెడతడు. దవాఖాన కాడ హోటల్ గద, బీమారోళ్ళ కోసం పెట్టుంటడు."

ఎంత ముచ్చటైన మాట. అయినా నా చదువు ఊరుకోలేదు. "కొమ్ముకు దీర్ఘం లేదు ఖాజాబీ. ఫూల్ కాదు, ఫుల్ అనే రాసుంది" అన్నాను.

"రంగు ఒడిసిపోయుంటది. ఒక్క దీర్ఘం కోసం ఇంకో డబ్బ కొంటడా?"

అదీ నిజమే అనిపించి లోపలికి పోయి కూర్చున్నాం. వడ్డించే మీసాలాయన ఒకడు వచ్చాడు. "నాకు ఫుల్లు. పాణం బాగలేదు" అన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "పాణం బాగలేకనే ఫుల్లా?" అన్నాడు. "అవ్. దవాఖాన పని మీద వచ్చినం" అన్నాను గంభీరంగా. ఆకలి మీదున్న ఖాజాబీ మాత్రం కుప్పలాంటి తలె కావాలని ప్లేటు చెప్పింది.

ఆమెకు ఒక గిన్నెడు అన్నం బోర్లించి, రెండు బుడ్డి గిన్నెల్లో పప్పూ చారూ పెట్టి పోయాడు. నా ముందుకు వచ్చింది చూసి తలెలు మారాయనుకున్నాను. గుట్టంత అన్నం, పప్పు, కూర, పులుసు, అప్పడం.

"ఇంత పెద్ద పువ్వు యాడుంటది ఖాజాబీ?"

"పొద్దుతిరుగుడు పువ్వేమో వదినె" అంది తన తలె వైపు దిగులుగా చూసుకుంటూ.

వదిలేసి లేస్తే సరిపోయేది కదా అంటారు మీరు. కరువులు చూసిన ఊరు మాది. కంచంలో మెతుకు వదిలితే మా అవ్వ కలలోకి వచ్చి కొడుతుంది. చివరి మెతుకు దాకా ఊడ్చాను. ఊడ్చానో లేదో బకెటుతో మీసాలాయన వచ్చి మళ్ళీ గుట్ట పోశాడు. వద్దనేలోపల పులుసు కూడా పడింది. ఖాళీ చేస్తే నింపుతాడు, నింపితే ఖాళీ చేయక తప్పదు. విస్తరైతే మడిచి లేస్తాం. స్టీలు తలెను ఎట్లా మడుస్తారో చెప్పండి.

"నువ్వన్న జరంత తీస్కో" అని ఒక ముద్ద ఖాజాబీ వైపు జరిపాను. ఆమె చెయ్యి చాపేసరికి గల్లా దగ్గరి సేటు కేకేశాడు. "అమ్మా, ఫుల్ మీల్స్‌ల ఇంకొకరు తినొద్దు. గోడ మీద రాసుంది."

తలెత్తి చూశాను. రాసే ఉంది. తప్పు లేకుండా చదివాను కూడా.

మూడోసారి బకెటు వస్తుండగా ఖాజాబీ నా రెక్క పట్టి లేపింది. "చెయ్యి కడుగు వదినె. కడిగిన చేతిల ఎట్ల పోస్తడో చూస్త." పోతూ పోతూ సేటును అడిగాను, ఫుల్ అంటే ఏంటని. "కడుపు నిండ, ఎంతంటె అంత" అన్నాడు ఆయన సంతోషంగా.

దవాఖాన మెట్లు ఎక్కుతుంటే పేగు కాదు, పాణమే జారింది. మిషన్ మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఊపిరికి బరువు లేదని ఆ రోజే తెలిసింది. డాక్టరు ముల్లును చూసి, నన్ను చూసి, పెన్నుకు మూత పెట్టాడు. ఆ మూత టిక్కుమన్న చప్పుడుకు నా కండ్లల్లో నీళ్ళు తిరిగాయి.

"సారూ, గది మా వదినె బరువు కాదు. ఎదురుంగ హోటలోని బువ్వ" అని ఖాజాబీ అడ్డం పడి జరిగిందంతా చెప్పింది. డాక్టరు పెదవి కొరుక్కున్నాడు, ఆఖరికి కిటికీ వైపు తిరిగి భుజాలు ఊగేటట్టు నవ్వాడు. "ఇయ్యాల ఇక్కడనే ఉండు. మంచినీళ్ళు తప్ప ఏం ముట్టకు. రేపు పరగడుపున మళ్ల తూస్త. అప్పుడు కూడ ఎక్కువుంటె నన్నేం అడగొద్దు."

పొద్దున మిషన్ ఎక్కి కండ్లు మూసుకున్నాను. "సరిపోయింది" అన్న మాట వినిపించాకే తెరిచాను. మంచం ఇచ్చారు. కాసేపటికి గుమస్తా ఒకాయన కాగితం పట్టుకొని వచ్చాడు.

"ఆపరేషన్ కాయితం రాయాలె. నీ ఫుల్ పేరు చెప్పమ్మా."

నేను మంచం మీద లేచి కూర్చొని రెండు చేతులూ జోడించాను. "వద్దు సారూ, నీ కాళ్ళు మొక్కుత. ఫుల్ మాత్రం వద్దు. నాకు ప్లేటే రాయిన్రి."

కుట్లు నిలిచాయి, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ హోటల్లోనూ ఏమేం పెడతారని ముందు అడగను. పెట్టడం ఎట్లా ఆపుతారో తెలుసుకున్నాకే కూర్చుంటాను.